ఫాంటసీ, స్టీమ్‌పంక్ రొమాన్స్ సిరీస్‌లు: రెండో పుస్తకానికి ఊపు ఎందుకు తగ్గుతుంది, దేనితో మొదలుపెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డ్రాగన్ల మీద ఎక్కి యుద్ధాలు చేసే రొమాన్స్ సిరీస్ ఒకటి ఈమధ్య చదివారు, మొదటి పుస్తకం కింద పెట్టలేకపోయారు, రెండోది సగంలో ఆగిపోయింది, ఇంకో రెండు ఫాంటసీ సిరీస్‌లకి కూడా ఇదే జరిగింది. పోనీ స్టీమ్‌పంక్ రొమాన్స్ (ఆవిరి యంత్రాల కాలం అలాగే ముందుకెళ్లినట్టు ఊహించి రాసే ప్రేమకథలు) చూద్దామంటే "అవన్నీ పళ్లచక్రాలు, గాగుల్స్, కార్సెట్లే, లోపల ఏమీ లేదు" అని ఎవరో చెప్పారు. చదవదగ్గవి నిజంగా ఉన్నాయా, ఉంటే దేనితో మొదలుపెట్టాలి, వరసగానే చదవాలా, మధ్యలో ఆపేయచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. స్టీమ్‌పంక్‌లో సరదాగా నవ్వుకుంటూ చదవాలంటే గెయిల్ కారిగర్ రాసిన 'సోల్‌లెస్', బరువైన కథ కావాలంటే మెల్జీన్ బ్రూక్ 'ది ఐరన్ డ్యూక్'. ఫాంటసీలో అయితే గ్రేస్ డ్రేవెన్ 'రేడియన్స్', మిగతావన్నీ దాని తర్వాతే. ఊపు తగ్గిపోవడం సంగతికొస్తే, లోపం మీ ఓపికలో లేదు. ఆ సిరీస్ ఏ రకందో తెలియకుండా మొదలుపెడితే దాదాపు ప్రతిసారీ ఇలాగే అవుతుంది. నేను ఈ రెండు రకాల నవలలు చాలా ఏళ్లుగా చదువుతున్నాను, కొన్ని సిరీస్‌లు రెండేసి సార్లు చదివాను, ఆ చదువులోంచి చెప్తున్నవే ఇవన్నీ, కొంచెం పొడుగవుతుంది.

రొమాన్స్ సిరీస్ అనగానే అందరూ ఒకటే అనుకుంటారు గానీ లోపల కట్టుబడి పూర్తిగా వేరు. కొన్నిట్లో ప్రపంచం ఒకటే, జంట మాత్రం పుస్తకానికొకటి. మొదటి పుస్తకంలో పక్కన నిలబడ్డ చెల్లెలో స్నేహితుడో రెండోదాంట్లో హీరోయినో హీరోనో అవుతారు. నళిని సింగ్ సై-చేంజ్‌లింగ్ సిరీస్ (2006లో మొదలైంది, అది ఫాంటసీ కన్నా పారానార్మల్, అంటే మానవాతీత శక్తులున్నవాళ్ల కథ, అనాలి) దీనికి పెద్ద ఉదాహరణ. కొన్నిట్లో ఒకటే జంట, కానీ వాళ్లు కలవడానికే మూడు నాలుగు పుస్తకాలు పడుతుంది, దీన్నే స్లో బర్న్ అంటాం. ఇంకొన్నిట్లో ఒకటే జంట, మొదటి పుస్తకంలోనే కలిసిపోతారు, మిగతా పుస్తకాలన్నీ ఆ తర్వాత ఏమైందనే. మీకు ఇబ్బంది పెడుతున్నది ఈ మూడో రకం. ఎందుకంటే రొమాన్స్‌లో మనల్ని పేజీలు తిప్పించేది "వీళ్లు కలుస్తారా" అన్న ఆరాటం, అది తీరిపోయాక రచయిత ఇంకేదన్నా పెట్టాలి కదా, ఏం పెట్టారన్నదాని మీదే రెండో పుస్తకం బతుకుతుందో చస్తుందో తేలిపోతుంది.

ఎక్కువమంది పెట్టేది అపార్థం. అతను ఒక రహస్యం దాస్తాడు, ఆమెకి తెలుస్తుంది, నమ్మకం పోయిందంటుంది, నాలుగు వందల పేజీలు అలగడాలు బతిమాలడాలు. చదివేవాళ్లకి మాత్రం "ఒక్క పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోండిరా బాబూ" అనిపిస్తుంది. రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' (2023) విషయమే తీసుకుందాం, మీరు చదివింది అదే అనుకుంటున్నా. మొదటి పుస్తకంలో ఒక అద్భుతమైన ఏర్పాటు ఉంది, హీరోయిన్ వయొలెట్ డ్రాగన్, హీరో జేడెన్ డ్రాగన్ జంట డ్రాగన్లు, ఒకదానికొకటి ఎక్కువ రోజులు దూరంగా ఉండలేవు, కాబట్టి వాటి రైడర్లు ఒకరినొకరు ఎంత అసహ్యించుకున్నా దగ్గరగానే ఉండి తీరాలి, పైగా ఒకరి ప్రాణం పోతే ఇంకొకరి ప్రాణానికే ముప్పు. శత్రువుల్ని ఒకేచోట కట్టిపడేయడానికి ఇంతకన్నా మంచి కారణం నేను ఈ మధ్య చదవలేదు. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన 'ఐరన్ ఫ్లేమ్'లో ఆ కట్టు అలాగే ఉంది కానీ బరువంతా దాపరికం మీదకి వెళ్లిపోయింది, నాకైతే అక్కడే పట్టు సడలింది. మీరు సగంలో ఆగింది కూడా అక్కడే అయ్యుంటుంది. ఇంకో సంగతి, అది ఐదు పుస్తకాల ప్లాన్, మూడోది 'ఆనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో వచ్చింది, అంటే ఇప్పుడు చదివినా ముగింపు దొరకదు. క్లిఫ్‌హ్యాంగర్లు, అంటే ఉత్కంఠ దగ్గర కథ ఆపేసే ముగింపులు, భరించలేకపోతే పూర్తయిన సిరీస్‌లే ఎంచుకోండి.

దీన్నిబట్టి నేను ఏ పుస్తకానికైనా పెట్టే పరీక్ష ఒకటుంది. ఆ ప్రపంచంలోని మాయనో మెషీన్‌నో తీసేస్తే ప్రేమకథ కూలిపోవాలి. తీసేసినా ఏమీ కాకపోతే, ఆ ప్రేమకథ మామూలు ఆఫీసులోనో కాలేజీలోనో కూడా అచ్చం అలాగే జరగగలిగితే, ఆ మాయంతా పెళ్లిపందిరికి కట్టిన కాగితం పూలదండే. చూడ్డానికి బాగానే ఉంటుంది, రెండో పుస్తకం దాకా నిలవదు. ఈ పరీక్ష నెగ్గిన సిరీస్‌లు మాత్రం జంట కలిశాక కూడా ఆడుతూనే ఉంటాయి, ఎందుకంటే వాళ్ల మధ్య అడ్డు అపార్థంతో వచ్చింది కాదు, ఆ ప్రపంచమే, అది ఎక్కడికీ పోదు.

ఇప్పుడు స్టీమ్‌పంక్. ఆ పేరు పెట్టింది కె. డబ్ల్యూ. జీటర్ అనే రచయిత, 1987లో లోకస్ అనే పత్రికకి రాసిన ఉత్తరంలో, తనూ తన స్నేహితులూ రాస్తున్న విక్టోరియన్ కాలపు కల్పనలకి ఏదో ఒక పేరు ఉండాలి కదా అని. ఆవిరి యంత్రాల కాలం అలాగే ముందుకెళ్లి ఉంటే ఎలా ఉండేదన్నది దీని మూల ఊహ. అది మరీ గాల్లోంచి పుట్టింది కూడా కాదు, 1852లోనే ఆన్రీ జిఫార్ అనే ఫ్రెంచ్ ఇంజినీర్ ఆవిరి ఇంజిన్ పెట్టిన ఎయిర్‌షిప్‌లో (గాల్లో తేలే ఓడలో) పారిస్ నుంచి ట్రాప్ దాకా దాదాపు 27 కిలోమీటర్లు ఎగిరాడు, ఆ ఇంజిన్ శక్తి మూడు హార్స్‌పవర్. చార్లెస్ బాబేజ్ ఆవిరితో నడిచే కంప్యూటర్‌కి డ్రాయింగులు గీసి పెట్టుకున్నాడు, కట్టడం పూర్తికాలేదు. అంటే ఈ కథల్లో ఉన్నవి చాలావరకు చరిత్రలో మొలకెత్తి ఆగిపోయినవే.

మరి రొమాన్స్‌కీ దీనికీ ఏంటి సంబంధం? ఇక్కడే "గాగుల్స్ తప్ప ఏం లేదు" అన్నవాళ్ల మాట సగం నిజం, సగం కాదు. నాసిరకం స్టీమ్‌పంక్ రొమాన్స్‌లో మెషీన్ బట్టల మీద ఉంటుంది, టోపీకి చక్రం, నడుముకి ఇత్తడి బకిల్, హీరో జేబులో గడియారం. మంచిదాంట్లో మెషీన్ ఒంట్లోకి దిగుతుంది. చేయి తెగినవాళ్లకి ఇనప చేయి, నెత్తుట్లో కంటికి కనపడని యంత్రాలు, ఒంటిని బయటనుంచి నడిపించే సిగ్నళ్లు. ఒళ్లు నాదా, దాన్ని తయారుచేసినవాడిదా అన్న ప్రశ్న వచ్చేసిందంటే అక్కడ ప్రేమకథ మామూలుగా ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే ప్రేమలో మొట్టమొదటి ప్రశ్న కూడా అదే కదా, నా ఒంటి మీద, నా మనసు మీద హక్కు ఎవరిది అని.

ఇందుకే 'ది ఐరన్ డ్యూక్' (2010) నాకు అంత ఇష్టం. అందులో హోర్డ్ అని పిలిచే మంగోల్ సామ్రాజ్యం ఇంగ్లండ్‌ని రెండు వందల ఏళ్లు ఏలింది, ఎలా గెలిచారంటే చక్కెరలో సూక్ష్మ యంత్రాలు కలిపి అమ్మారు, జనం తిన్నారు, ఆ యంత్రాలు ఒంట్లో నిలిచిపోయాయి, తర్వాత ఒక టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌తో వాళ్ల కోపం, భయం, కోరిక అన్నీ పైవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ట్రహేర్న్ అనే సముద్రపు దొంగ ఆ టవర్‌ని పేల్చేశాడు, దేశం అతన్ని డ్యూక్‌ని చేసింది. కథ మొదలయ్యేసరికి ఆ టవర్ కూలి తొమ్మిదేళ్లు, జనం ఇప్పుడిప్పుడే తమ సొంత భావాలు తాము అనుభవించడం నేర్చుకుంటున్నారు. మీనా వెంట్‌వర్త్ పోలీసు ఇన్‌స్పెక్టర్, ముఖం చూస్తేనే హోర్డ్ రక్తం ఉందని తెలిసిపోతుంది, వీధిలో నడిస్తే జనం ఉమ్ముతారు. ఎయిర్‌షిప్‌లోంచి ఒక శవం డ్యూక్ గుమ్మంలో పడుతుంది, కేసు చూడటానికి ఆమె వస్తుంది. ఇప్పుడు నా పరీక్ష పెట్టి చూడండి, ఆ టవర్‌ని తీసేస్తే మీనా పుట్టుకే లేదు, ఆమె భయం లేదు, అతని పేరు లేదు. తన ఒంట్లో కలిగే కోరిక తనదేనా లేక మళ్లీ ఎవరో నడిపిస్తున్నారా అని ఆమెకి వచ్చే దడ, అది వేరే ఏ రకం రొమాన్స్‌లోనూ రాయలేరు.

కానీ ఇది ఇచ్చే ముందు హెచ్చరిక చెప్పకపోతే తప్పు. అందులో ఒక దగ్గర ఆమె తాగి ఉన్నప్పుడు జరిగే సీన్ ఉంది, ఒప్పుకోలు విషయంలో చాలామంది పాఠకులు దాన్ని తప్పుపట్టారు, నేనూ తప్పుపడతాను. తర్వాత పుస్తకం ఆ సంగతిని వదిలేయదు, అతను చేసిందాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, అయినా కొందరికి అక్కడితో పుస్తకం ముగిసిపోతుంది, అది న్యాయమే. ఇంకోటి, మొదటి పుస్తకంలో హోర్డ్ అంటే ఇంగ్లీషు వాళ్ల కళ్లతో చూసిన శత్రువే. ఆ కోణం మారేది 'ది క్రాకెన్ కింగ్' (2014)లో, అక్కడ హీరోనే ఆ సామ్రాజ్యపు మూలాల నుంచి వచ్చినవాడు, లోపల ఎన్ని వర్గాలున్నాయో అప్పుడు తెలుస్తుంది. అది ముందు ఎనిమిది భాగాల సీరియల్‌గా వచ్చింది, చదివేటప్పుడు ఆ సీరియల్ నడక తెలుస్తుంది కూడా, ప్రతి భాగం చివర ఒక కుదుపు.

ఆ సీన్ చదవలేను అనుకుంటే ఇదే సిరీస్‌లో 'రివెటెడ్' (2012)తో మొదలుపెట్టండి, ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఐరన్ సీస్ అనే ఈ సిరీస్‌లో పుస్తకానికొక జంట. నిజం చెప్పాలంటే నాలుగింటిలో నా మనసుకి దగ్గరైనది ఇదే. ఐస్‌లాండ్‌లో ఆడవాళ్లు మాత్రమే ఉండే ఒక దాచిన ఊరు, అక్కడినుంచి వచ్చిన ఆనికా, అగ్నిపర్వతాల్ని చదివే డేవిడ్. అతనికి కాళ్లు, ఒక చేయి యంత్రాలు, ఒక కంటి దగ్గర కూడా యంత్రమే. రొమాన్స్‌లో వికలాంగుడైన హీరో అంటే చివరికి ఏదో మాయ జరిగి బాగైపోతాడు లేదా హీరోయిన్ జాలిపడుతుంది, ఇక్కడ రెండూ లేవు. అతని సందేహం ఒక్కటే, నన్ను చూసి తల తిప్పుకోని మనిషి ఉంటుందా అని, ఉన్నా తనకి నామీద ఉన్నది కుతూహలమా ఇష్టమా అని. ఆనికా మాట ఇచ్చింది, ఊరి రహస్యం చెప్పకూడదు, అతనికి కావలసింది సరిగ్గా ఆ రహస్యమే. ఇక్కడ దాపరికం ఉంది చూడండి, కానీ అది అలకల కోసం పెట్టింది కాదు, చెప్తే ఒక ఊరంతా ప్రమాదంలో పడుతుంది. ఇందాక 'ఐరన్ ఫ్లేమ్' గురించి అన్నదానికీ దీనికీ తేడా అదే. మధ్యలో 'హార్ట్ ఆఫ్ స్టీల్' (2011) ఉంది, ఎయిర్‌షిప్ కెప్టెన్ యాస్మీన్ కథ, సాహసం కావాలంటే అది, ఆమె మొదటి పుస్తకంలో కనిపించిన దగ్గర్నుంచే నాకు ఆమె కథ కావాలనిపించింది.

కారిగర్ దారి వేరు. ఆవిడ పారసోల్ ప్రొటెక్టరేట్ ఐదు పుస్తకాలు, 2009 నుంచి 2012 మధ్యలో వచ్చాయి. వాంపైర్లు (రక్తం తాగేవాళ్లు), వేర్‌వుల్ఫ్‌లు (తోడేళ్లుగా మారేవాళ్లు) విక్టోరియా రాణి కాలంలో బహిరంగంగా, మర్యాదస్తుల్లా బతుకుతుంటారు, రాణిగారికి సలహాదారులుగా కూడా ఉంటారు. వాళ్లలా మారడానికి కారణం ఆత్మ మామూలు కన్నా ఎక్కువ ఉండటం అని ఆ ప్రపంచం లెక్క. అలెక్సియా టరబొట్టికి ఆత్మే లేదు, ఆమె ముట్టుకుంటే వాంపైర్ కోరలు పోతాయి, వేర్‌వుల్ఫ్ మామూలు మనిషైపోతాడు. ఆమెకి ఎదురయ్యేది లార్డ్ మకాన్, వేర్‌వుల్ఫ్ గుంపు నాయకుడు, కోపిష్టి. అంత బలవంతుడు ఆమె చెయ్యి పట్టుకున్నంతసేపూ చావున్న మామూలు మనిషి. అతనికి ప్రమాదమూ అదే, విశ్రాంతీ అదే. ఇంత తేలికైన కామెడీ పుస్తకంలో ఇంత చక్కటి ప్రేమ రూల్ పెట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మెషీన్లు ఇక్కడ ఒంట్లో లేవు, ఒప్పుకుంటాను, ఎయిర్‌షిప్‌లూ ఆయుధాలు దాచిన గొడుగూ ఎక్కువగా నవ్వు కోసమే. ఇందులో పని చేసేది మర్యాదలు, ఎవరు ఎవరి ముందు ఏం అనకూడదన్న రూల్స్, వాటిని అలెక్సియా ఒక్క వాక్యంతో దాటేసే తీరు. ఈ పుస్తకాన్ని మెషీన్ల కోసం చదివితే నిరాశపడతారు, మాటల కోసం చదవండి.

వాళ్లు మొదటి పుస్తకంలోనే పెళ్లి చేసుకుంటారు, అంటే ఇది మిమ్మల్ని ఇబ్బంది పెట్టే ఆ మూడో రకమే, కానీ పడిపోదు. రెండో పుస్తకం 'చేంజ్‌లెస్' చివర పెద్ద అపార్థం వస్తుంది, ఏంటో చెప్పను, అది ఆమెకి ఆత్మ లేకపోవడం అనే రూల్‌లోంచే పుట్టింది, ఊరికే అలగడం కాదు. మూడోది 'బ్లేమ్‌లెస్' చేతిలో పెట్టుకుని మాత్రమే రెండోది మొదలుపెట్టండి, ఆ చివరి అధ్యాయం దగ్గర ఆగడం కష్టం. ఐదో పుస్తకంతో కథ శుభ్రంగా ముగుస్తుంది. తర్వాత వాళ్ల కూతురి మీద వచ్చిన కస్టర్డ్ ప్రోటోకాల్ సిరీస్ నేను అంతగా చెప్పను. మొదటిది 'ప్రుడెన్స్' (2015)లో ఎయిర్‌షిప్ ఇండియాకి వస్తుంది, రాక్షసుల్ని అక్కడి వాంపైర్లుగా చూపిస్తారు, ఆలోచన ఆసక్తిగా ఉంది కానీ అక్కడి మనుషులు వచ్చినవాళ్ల కళ్లకి కనపడే వింతల్లాగే మిగిలిపోయారు. అసలు స్టీమ్‌పంక్ మొత్తంలో ఈ లోపం ఉంది, సామ్రాజ్యం నాటి సొగసు కావాలి, ఆ సొగసుకి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో మాట్లాడరు. బ్రూక్ కనీసం ఆ పటాన్ని తిరగేసింది, ఇంగ్లండే వలస దేశమైతే ఎలా ఉండేదో చూపించింది.

ఇంకా చీకటిగా కావాలంటే బెక్ మెక్‌మాస్టర్ లండన్ స్టీమ్‌పంక్, 'కిస్ ఆఫ్ స్టీల్' (2012)తో మొదలవుతుంది. రక్తం కోరుకునే వైరస్ ఎక్కిన కులీనులు పరిపాలిస్తుంటారు, మామూలు జనం పన్ను రక్తంలో కట్టాలి. ఒంట్లో వైరస్ శాతాన్ని కొలిచే యంత్రం ఉంటుంది, ఆ అంకె పెరిగేకొద్దీ మనిషి మృగానికి దగ్గరవుతున్నట్టు. హీరో బ్లేడ్ అంకె ప్రమాదం అంచున ఉంది, హీరోయిన్ హొనోరియా ఆ వైరస్ మీద పనిచేసిన శాస్త్రవేత్త కూతురు. ప్రేమకథకి గడియారం బిగించినట్టు ఆ అంకె కథంతా టిక్ టిక్ అంటుంటుంది. పుస్తకానికొక జంటే అయినా దీన్ని మాత్రం వరసలోనే చదవండి, ఎందుకంటే వెనకాల ఒక తిరుగుబాటు పెరుగుతూ ఐదో పుస్తకం 'ఆఫ్ సిల్క్ అండ్ స్టీమ్' (2015)లో పేలుతుంది, ముందే అది చదివేస్తే మిగతావాటి బిగువు పోతుంది. యంత్రపు అవయవాలున్నవాళ్లని మనుషుల కింద లెక్కకట్టని చట్టాలు కూడా ఇందులో ఉన్నాయి, ఆ గీత ఇంకా లోతుగా గీసుంటే బాగుండేది.

టీనేజ్ పాఠకుల కోసం రాసినవాటిలో కసాండ్రా క్లేర్ ఇన్‌ఫర్నల్ డివైసెస్ మూడు పుస్తకాలు (2010 నుంచి 2013). ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి, మామూలుగా నాకు ఈ ట్రయాంగిల్ గిట్టదు, ఒకడు మంచివాడు కాదని తేలిపోయి సమస్య తప్పించేస్తారు. ఇక్కడ ఆ ఇద్దరూ ఒకరికొకరు ప్రాణమిచ్చే స్నేహితులు, ముగ్గురిలో ఎవరూ తప్పు చేయరు, అదే బాధ. రచయిత్రి మిగతా సిరీస్‌లు చదవకపోయినా ఇది అర్థమవుతుంది. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ లెవయథన్ మూడు పుస్తకాల్లో ప్రేమ పాలు చాలా తక్కువ, మొదటి ప్రపంచయుద్ధాన్ని యంత్రాలవాళ్లకీ, జీవాల్ని తయారుచేసేవాళ్లకీ మధ్య యుద్ధంగా మార్చిన ఊహ కోసం చదవచ్చు. ఫిలిపా బాలంటైన్, టీ మోరిస్ కలిసి రాసిన మినిస్ట్రీ ఆఫ్ పెక్యూలియర్ అకరెన్సెస్ (2011లో మొదలు) ఒక ఏజెంటు, ఒక లైబ్రరీ మనిషి, స్లో బర్న్, కేసులు ఎక్కువ.

ఈ ఏళ్లన్నీ ఒకసారి చూడండి, 2009, 2010, 2011, 2012. స్టీమ్‌పంక్ రొమాన్స్ అలలా వచ్చి వెళ్లింది. కొత్తవి కొట్లలో పెద్దగా కనపడట్లేదని జనం "అందులో ఏం లేదు" అంటున్నారు, కానీ మీలాంటి పాఠకులకి ఇది మేలే, మంచివన్నీ ముగిసిపోయి పూర్తిగా దొరుకుతున్నాయి, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ఇక ఫాంటసీ. 'రేడియన్స్' (2014) ముందు ఎందుకు చదవమన్నానంటే, రాజకీయం కోసం పెళ్లి కుదిర్చిన ఇద్దరు, ఆమె మనిషి, అతను రాత్రి మాత్రమే తిరిగే వేరే జాతి రాజకుమారుడు, బూడిద రంగు ఒళ్లు, కోరలు, మెరిసే పసుపు కళ్లు. ఒకరికొకరు వికారంగా కనిపిస్తారు. ఆ మాట మొదటి పరిచయంలోనే ఒకరితో ఒకరు నిజాయితీగా చెప్పేసుకుంటారు, నవ్వుకుంటారు, అక్కడినుంచి స్నేహం మొదలవుతుంది. అపార్థం లేదు, దాపరికం లేదు, బలవంతం లేదు. ఇలా చెప్తే ఇంక కథేముంది అనిపిస్తుంది, కానీ రెండు లోకాల వాళ్లు ఒకరి తిండి, ఒకరి పద్ధతులు, ఒకరి ముఖం అలవాటు చేసుకోవడంలోనే ఎంత ఉత్కంఠ ఉంటుందో చదివితే గానీ తెలియదు. ముఖం మారదు, చూసే కన్ను మారుతుంది, అది ఎక్కడ మారిందో చెప్పమంటే పేజీ చూపించలేం, అంత మెల్లగా జరుగుతుంది. అదే జంట కథ 'ఐడొలాన్' (2016)లో కొనసాగుతుంది, అక్కడ సమస్య పూర్తిగా బయటినుంచి వస్తుంది, రాజ్యం, వంశం, యుద్ధం, జంట మాత్రం ఒకవైపే నిలబడి పోరాడుతుంది. రెండో పుస్తకం ఎలా రాయాలో చూడాలంటే ఇది చూడండి.

అలాగే లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ షేరింగ్ నైఫ్ నాలుగు పుస్తకాలు (2006 నుంచి 2009). మొదటిదాంట్లోనే ఫాన్, డాగ్ ఒకటవుతారు, ఆ పెళ్లిని అతని వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడానికి వాళ్ల మాయకి సంబంధించిన గట్టి కారణాలున్నాయి, దుర్మార్గం కాదు. మిగతా పుస్తకాలు ఆ రెండు జాతులు కలిసి బతకగలవా అన్న ప్రశ్న మీదే. వయసు తేడా చాలా పెద్దది, ఆమెకి పద్దెనిమిది, అతనికి యాభై దాటింది, అది ఇబ్బంది అయితే ముట్టుకోకండి. నడక నెమ్మది, నాకు ఆ నెమ్మది ఇష్టం.

స్లో బర్న్ కావాలంటే ఇలోనా ఆండ్రూస్ కేట్ డేనియల్స్ సిరీస్, పది పుస్తకాలు, 2007 నుంచి 2018. ఇలోనా ఆండ్రూస్ అంటే భార్యాభర్తలిద్దరు కలిసి పెట్టుకున్న పేరు. అందులో మాయ అలలుగా వస్తుంది, వచ్చినప్పుడు తుపాకులు, కార్లు పనిచేయవు, పోయినప్పుడు మంత్రాలు పనిచేయవు. మొదటి పుస్తకం బలహీనమే, దాన్ని చూసి వదిలేయకండి, మూడోదాని నుంచి అసలు రూపం వస్తుంది, నాలుగోదాంట్లో గానీ జంట కుదురుకోదు. ఆ తర్వాత కూడా పడిపోదు, ఎందుకంటే కేట్ రక్తంలో ఉన్న వారసత్వమే ప్రమాదం, ప్రేమ దొరికినంతమాత్రాన రక్తం మారదు కదా.

రచయిత్రి సారా జె. మాస్ గురించి అడగలేదు కానీ ఎవరో ఒకరు కింద కామెంట్లలో రాస్తారు కాబట్టి చెప్తున్నా. 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' (2015) మామూలు పుస్తకం, రెండోది 'ఎ కోర్ట్ ఆఫ్ మిస్ట్ అండ్ ఫ్యూరీ' (2016) దానికన్నా చాలా మెరుగు, మొదటిదాంట్లో మనం ప్రేమ అనుకున్నదాన్నే తిరిగి ప్రశ్నించే ధైర్యం చేసింది. మూడోది దాటాక బిగువు తగ్గిందని నా అభిప్రాయం.

శృంగారం పాలు గురించి కూడా తెలుసుకుని తీసుకోండి. కారిగర్‌ది తేలిక. బ్రూక్, మెక్‌మాస్టర్, యారోస్, మాస్ పచ్చిగానే రాస్తారు, డ్రేవెన్ వాళ్లకన్నా తక్కువ. క్లేర్, వెస్టర్‌ఫెల్డ్ పచ్చిగా రాయరు. కొందరు కవర్ చూసి పిల్లలకి కొనిచ్చేస్తున్నారు, డ్రాగన్ బొమ్మ ఉన్నంత మాత్రాన అది పిల్లల పుస్తకం కాదు.

చివరగా మధ్యలో ఆపేయచ్చా అన్నారు. నిక్షేపంగా ఆపేయచ్చు, ఎక్కడ ఆపితే వెలితి ఉండదో మాత్రం తెలిసుండాలి. 'సోల్‌లెస్' ఒక్కటీ చదివి ఆగినా కథ పూర్తయినట్టే, 'చేంజ్‌లెస్' దగ్గర మాత్రం ఆగలేరు. 'రేడియన్స్' దాదాపు దానంతట అదే నిలబడుతుంది, చివర్లో వచ్చే రెండో పుస్తకపు ముక్క చదవకుండా మూసేస్తే సరి. షేరింగ్ నైఫ్‌లో మొదటి రెండూ కలిపి ఒక కథ, అక్కడ ఆగచ్చు. కేట్ డేనియల్స్‌లో నాలుగోది 'మ్యాజిక్ బ్లీడ్స్' మంచి మజిలీ. ఐరన్ సీస్‌లో ఏ పుస్తకం దగ్గరైనా ఆగచ్చు. లండన్ స్టీమ్‌పంక్ మొదలుపెడితే ఐదూ పూర్తిచేయండి.